జాడీ అడ్రస్

కాలేజీలో పిల్లలు నాకు పెట్టిన పేరు పాయింటర్ కృష్ణ. అసలు పేరు చైతన్యకృష్ణ. ప్రోగ్రామింగ్‌లో పాయింటర్ల పాఠం అద్భుతంగా చెబుతాను కాబట్టి అలా పిలుస్తున్నారనుకుని చాలాకాలం లోలోపల మురిసిపోయాను. బోర్డు వైపు వేలు చూపించడమే తప్ప అక్కడ ఏముందో ఎవరికీ అర్థమయ్యేలా చెప్పను కాబట్టి ఆ పేరొచ్చిందని తర్వాత తెలిసింది.

ఆ సంగతి మా ప్రిన్సిపాల్ సాంబశివరావు గారికీ తెలిసింది. ఆయన్ని మేమంతా సర్క్యులర్ సాంబశివరావు గారంటాం. తుమ్మొస్తే ముందు సర్క్యులర్ తీసి తర్వాత తుమ్మే మనిషి. నన్ను గదికి పిలిచి ఒక జవాబు పత్రం ముందు పెట్టారు. 'ఈ స్వాప్ ప్రోగ్రాం ఎందుకు పనిచేయదు?' అన్న ప్రశ్నకి ఎవడో మహానుభావుడు 'సార్‌కే తెలియాలి' అని రాశాడు.

శుక్రవారం నా క్లాసుకి తనే వచ్చి వెనక బెంచీలో కూర్చుంటానన్నారు. ఈసారి కూడా పిల్లలకి అర్థం కాకపోతే ఆ సబ్జెక్టు ఇంకొకరికిచ్చి, నాకు కాలేజీ బస్సుల బాధ్యత అప్పగిస్తానన్నారు. తెల్లారేసరికి గేటు దగ్గర నిలబడి ఈల వేస్తూ బస్సులు వెనక్కి తీయించడం ఆ ఉద్యోగం. నాకు ఈల వేయడం కూడా రాదు.

కాళ్లీడ్చుకుంటూ ఇంటికొచ్చి మా ఆవిడ భవ్యకి చెప్పాను. మేముండేది మార్టూరు. తను ఇక్కడే ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఆఫీసులో పనిచేస్తుంది. రోజంతా రాళ్లు కోసే మిషన్ల మోతలో ఉండి వచ్చినా నేననే ప్రతి ముక్కా తన చెవిన పడుతుంది. కాపురంలో నాకున్న ఇబ్బందల్లా అదే.

"అసలా పాఠమేంటో నాకు చెప్పండి. నాకు అర్థమైతే వాళ్లకీ అవుతుంది," అంది వెల్లుల్లి ఒలుచుకుంటూ.

గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. ప్రోగ్రాంలో ఒక పని చేసిపెట్టమని ప్రొసీజర్‌కి అప్పగిస్తాం. దానికి కావలసిన సరుకు మనమే ఇవ్వాలి. ఆ ఇచ్చే పద్ధతి భాషకొక రకంగా ఉంటుంది. సి భాష సరుకుకి నకలు తీసి ఇస్తుంది. ఆ నకలుని వాడు ఏం చేసుకున్నా మన దగ్గరున్న అసలుదానికి ఏమీ కాదు. అది కాల్ బై వాల్యూ. పాత ఫోర్‌ట్రాన్ అయితే అసలుది ఎక్కడుందో ఆ అడ్రసే ఇచ్చేస్తుంది. వాడు అక్కడికి వెళ్లి ఏం చేస్తే అది మన సరుక్కే జరుగుతుంది. అది కాల్ బై రిఫరెన్స్.

"పైవాటా జుబేదా తోడు కోసం వస్తే గరిటెడు పెరుగు వేసివ్వడం మొదటిది. గిన్నె లోపలుంది, వెళ్లి తీసుకో అనడం రెండోది. అంతేగా?"

"అంతే."

"ఇంత చిన్న ముక్కని మీరు మూడు వారాలు ఎలా సాగదీశారండీ?"

నాకు పౌరుషం వచ్చింది. స్వాప్ గురించి కూడా చెప్పేశాను. ఈ గిన్నెలోది ఆ గిన్నెలోకి, ఆ గిన్నెలోది ఈ గిన్నెలోకి మార్చాలంటే మధ్యలో మూడో గిన్నె ఉండి తీరాలి. అంతా పద్ధతి ప్రకారం చేసినా, మనం ఇచ్చింది నకళ్లే అయితే మారేది ఆ నకళ్లే. అసలువి ఉన్నచోటే ఉంటాయి. పిల్లలు బోల్తా పడేది అక్కడే.

"మూడో గిన్నె ఉండాలి. మారేది నకలే," అని తల ఊపింది. ఆ తల ఊపుడు మీరు కాస్త గుర్తుపెట్టుకోండి, దానితో పనుంది.

తన పెరుగు ఉదాహరణ బాగానే ఉంది గానీ, దాన్ని వాడుకుంటే పాఠం ఆవిడ చెప్పినట్టవుతుంది కదా. అంతకంటే ఘనమైనది నాకొకటి కావాలి. వంటింట్లో అటూ ఇటూ తిరుగుతుంటే అలమరలో కొరివికారం జాడీ కనబడింది.

కొరివికారం గురించి మీకు నేను చెప్పేదేముంది. చేలో ఎర్రగా పండిన మిరపకాయలు కోసుకొచ్చి, ఉప్పూ చింతపండూ వేసి దంచి జాడీకెత్తుతారు. కావలసినప్పుడు కాస్త తీసి, మెంతిపొడీ వెల్లుల్లీ కలిపి నూరి తాలింపు పెడతారు. చూశారా, జాడీ అసలుది, తీసిన గరిటెడు నకలు. ఇంతకంటే మంచి ఉదాహరణ ఏ పుస్తకంలోనూ లేదు. బల్లమీద జాడీ పెట్టి, ఒకడికి గిన్నెలో ఇచ్చి, ఇంకొకడికి 'జాడీ అక్కడుంది' అని అడ్రస్ చీటీ ఇస్తే ఎంత మొద్దబ్బాయికైనా ఎక్కాల్సిందే.

"జాడీ ఇల్లు దాటదు," అంది భవ్య.

"పాఠం కోసం భవ్యా."

"ఎవరికోసమైనా సరే. గిన్నెలో పెట్టిస్తాను, పట్టుకెళ్లండి."

"గిన్నెలో అయితే కాల్ బై వాల్యూ ఒక్కటే చెప్పగలను. జాడీ లేకపోతే రిఫరెన్స్ పాఠమే లేదు. పాఠం లేకపోతే ఈలే."

తన పట్టుదలకి కారణం లేకపోలేదు. మా మరదలు శ్రీరమ్య ఒంగోల్లో ఉంటుంది. ఏడో నెల. మొదట్నుంచీ ఏం తిన్నా ఇమడడం లేదు. మనిషి పుల్లలా అయిపోయింది. దర్శి దగ్గర వాళ్ల నాన్న చెంచురామయ్య గారి చేలో పండిన కాయలతో అక్క పెట్టిన కొరివికారం, వేడన్నంలో నెయ్యి వేసుకుని తినాలని ఉందని ఫోన్‌లో ఏడ్చింది. కొంచెమైతే ఫర్వాలేదని డాక్టరమ్మ కూడా అంది. ఆదివారం వస్తోంది. ఇది ఆషాఢం. మళ్లీ పండుమిరపకాయ కనబడాలంటే సంక్రాంతి దాటాలి. ఉన్నది ఆ ఒక్క జాడీయే.

నేను మాత్రం ఏం చేస్తానని చెప్పండి. శుక్రవారం పొద్దున్న పట్టుకెళ్లి సాయంత్రానికి తెచ్చి పెట్టేస్తే ఆదివారానికి జాడీ జాడీలాగే ఉంటుంది. పిల్లలు గరిటెడు తింటే జాడీకేమవుతుంది? అలా అనుకుని పైకి మాత్రం సరే గిన్నే చాలన్నాను. అంత తొందరగా ఒప్పుకున్నందుకు భవ్య నావైపు ఒక్క క్షణం చూసి, మళ్లీ వెల్లుల్లి ఒలుచుకుంది.

గురువారం సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి తను రెండు చేతులూ చల్లటి మజ్జిగ గిన్నెలో పెట్టుకుని కూర్చుంది. ఏమైందంటే, ఆఫీసుకి సెలవు పెట్టి ఎండుమిరపకాయలకి తొడిమలు తీశానని చెప్పింది. చేతులు భగ్గుమంటున్నాయి, ఈ పూటకి అన్నం మీరే వడ్డించుకోండి అంది. వడ్డించుకున్నాను. తింటూ మర్నాటి పాఠం ఇంకోసారి వినిపించాను. పాపం, చేతులు మజ్జిగలో పెట్టుకునే విన్నది. నా మజ్జిగన్నంలో ఉప్పేసుకుందామని చూస్తే ఉప్పు జాడీ దాని చోట లేదు. ఉప్పేమో స్టీలు పాలక్యాన్‌లో కనబడింది. ఎందుకుందని అడగాలని కూడా నాకు తోచలేదు. నా ధ్యాసంతా కొరివికారం జాడీ మీదే ఉంది.

మా ఇంట్లో అవి జోడు జాడీలు. పైన గోధుమరంగు, కింద తెలుపు. ఒకదాంట్లో ఉప్పు, ఒకదాంట్లో కొరివికారం. కొరివికారం జాడీకి మూతి దగ్గర చిన్న పెచ్చు ఊడి ఉంటుంది కాబట్టి చీకట్లో తడిమినా గుర్తుపడతాను. శుక్రవారం పొద్దున్న భవ్య స్నానానికి వెళ్లగానే పెచ్చు తడిమి చూసుకుని, జాడీని లాప్‌టాప్ సంచిలో దింపి, లాప్‌టాప్‌ని చంకలో పెట్టుకుని బయటపడ్డాను. చెప్పులేసుకునేలోగా భవ్య స్నానం ముగించుకుని, గిన్నె మర్చిపోయారంటూ గుమ్మం దాకా వచ్చి మరీ ఇచ్చింది. సంచి వంక మాత్రం చూడలేదు. నా తెలివికి నేనే భుజం తట్టుకున్నాను.

క్లాసు సరిగ్గా భోజనాల ముందు పడింది. ప్రిన్సిపాల్ గారు వెనక బెంచీలో మోకాళ్లు పట్టక పక్కకి తిరిగి కూర్చున్నారు. నేను దాచేపల్లి కుర్రాడు హయాత్‌ని పిలిచి గిన్నె చేతికిచ్చాను. నీ ఇష్టమొచ్చింది చెయ్యమన్నాను. వాడు అందులో పక్కవాడి పెరుగన్నం కలిపేశాడు. జాడీ మూత తీసి అందరికీ చూపించాను. లోపల ఎర్రగా, నిండుగా, చెక్కుచెదరకుండా ఉంది. చూశారా, నకలు పాడైంది, అసలుది పదిలం, ఇదే సి భాష అన్నాను. ఇంటి దగ్గర గిన్నెలోకి తీసినప్పుడు జాడీలో గరిటెడు తగ్గిందిగా సార్ అని ఎవరో అడిగారు. కంప్యూటర్‌లో ఆ గరిటెడు కూడా తగ్గదురా, అదే దాని గొప్ప అన్నాను. క్లాసంతా తల ఊపింది. నా ఉద్యోగంలో క్లాసంతా తల ఊపడం నేను చూడటం అదే మొదలు.

ఆ ఊపులో జావా భాష సంగతి కూడా చెప్పేశాను. జావా అంటే మా ఆవిడ తన తాళంచెవికి నకలు చేయించి నాకివ్వడం. నేను దానితో లోపలికెళ్లి సోఫా తిప్పి పెడితే ఆవిడకి తెలుస్తుంది, తిడుతుంది. అదే నేను నా తాళంచెవి పారేసి పక్కింటిది తెచ్చుకుంటే ఆవిడ తాళంచెవికి ఏమీ కాదు. అప్పుడు కూడా తిడుతుంది గానీ అది వేరే సంగతి అన్నాను. మరి ఆ పాత ఆల్గాల్ భాషలో కాల్ బై నేమ్ అంటే ఏంటి సార్ అన్నారు పిల్లలు. రాత్రికి కూరేంటని అడిగితే 'మీకు నచ్చిందే' అంటారే, అదీ. ఆ 'నచ్చింది' విలువెంతో కంచం ముందు కూర్చున్నాకే తేలుతుంది, ప్రతిసారీ వేరేగా తేలుతుంది. ప్రిన్సిపాల్ గారు వెనక నుంచి గట్టిగా నవ్వారు. ఆయనకీ పెళ్లయింది మరి.

ఇక రిఫరెన్స్. 'బల్లమీద జాడీ' అని చీటీ రాసి హయాత్ చేతిలో పెట్టాను. అడ్రస్ నీదగ్గరుంది, ఏం చేస్తావో చెయ్యి, నేను అడ్డు రానన్నాను. మాస్టారు ఆ మాట అని ఉండకూడదు. వాడు అన్నం డబ్బా తెరిచి జాడీలోంచి పెద్ద ముద్దంత తీసుకున్నాడు. కలిపి ఒక ముద్ద తిని, కాస్త ఆలోచించి అన్నాడు.

"సార్, ఇది పండుమిర్చి కాదండి. ఎండుమిర్చి నానబెట్టి నూరారు."

గుంటూరు జిల్లాలో పుట్టి పెరిగిన నాకు కొరివికారం గురించి వీడు చెబుతాడా అని ఒళ్లు మండింది. నోరు మూసుకుని తినరా అన్నాను. వాడు చీటీ వెనకవాడికి ఇచ్చాడు, వెనకవాడు ఇంకా వెనక్కి అందించాడు. అడ్రస్ ఒక్కటే, చేతులు అరవై. హాస్టల్ పిల్లలు నాలుక చచ్చి ఎన్నాళ్లయిందో, బల్ల చుట్టూ మూగిపోయారు. ఆగండ్రా అంటే ఎవడు వింటాడు? మీరే అడ్డురానన్నారుగా సార్ అన్నారు. చివరికి చీటీ వెనక బెంచీ దాకా చేరింది. ప్రిన్సిపాల్ గారు తన టిఫిన్ డబ్బా పట్టుకుని లేచి వచ్చారు.

కళ్లూ ముక్కూ తుడుచుకుంటూ ఆయన పిల్లల్ని ప్రశ్నలడిగారు. గిన్నెలో ఇచ్చినప్పుడు జాడీ ఎందుకు నిండుగా ఉంది, ఇప్పుడెందుకు ఖాళీ అయింది, స్వాప్ ఎందుకు పనిచేయదు అని అడుగుతుంటే, కారానికి బుసలు కొడుతూనే అందరూ జవాబు చెప్పారు. ఆయన నా చెయ్యి పట్టుకుని ఊపారు. నేను జాడీలోకి తొంగి చూశాను. నా మొహం తప్ప అందులో ఏమీ కనబడలేదు.

ఉద్యోగం దక్కింది. ఇక కాపురం సంగతి చూసుకోవాలి. ఆదివారం శ్రీరమ్య వస్తుంది. నిజంగా చెబుతున్నా, తిట్లకి భయపడలేదు. తిండి ఇమడని పిల్ల ఎదురుచూస్తున్న ముద్దని అరవైమందికి పంచిపెట్టి వచ్చానే అని ఏడుపొచ్చింది.

భవ్య ఆఫీసునుంచి రాకముందే పైవాటాకి పరుగెత్తాను. జుబేదా వాళ్లాయన మీరావలి, భవ్య పనిచేసే యూనిట్లోనే పాలిషింగ్ మిషన్ నడుపుతాడు. ఆ అమ్మాయి నన్ను అన్నయ్యా అంటుంది.

"జుబేదమ్మా, మీ ఇంట్లో పండుమిరపకాయ పచ్చడేమైనా ఉందా?"

"ఉందన్నయ్యా. కానీ ఆ బియ్యం బస్తా కింద ఉండిపోయింది, పైకి తేవడానికి మనిషి లేడు," అంది.

తెచ్చాను. తెచ్చి ఊపిరి పీల్చుకునేలోగా లోపలినుంచి గిన్నెడు పచ్చడి తెచ్చిచ్చింది. వేలితో నాకి చూశాను. ప్రాణం లేచొచ్చింది. అచ్చం మా ఆవిడ పెట్టినట్టే ఉందమ్మా అన్నాను. జుబేదా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తింది. ఏంటమ్మా అంటే, దగ్గన్నయ్యా అంది.

కానీ గిన్నెడు పచ్చడి జాడీ అడుక్కి కూడా సరిపోలేదు. మార్టూరులో దేనికి కరువున్నా గ్రానైట్ ముక్కలకి లేదు. పెరట్లోంచి నున్నటివి నాలుగు ఏరుకొచ్చి, కడిగి తుడిచి జాడీలో పేర్చి, పైన పచ్చడి పరిచాను. పైనుంచి చూస్తే జాడీ నిండుగానే ఉంది. మూతికి గుడ్డ కట్టి అలమరలో పెట్టాను. ఆదివారం పైపైన నేనే వడ్డిద్దామని నా ఎత్తు.

ఆదివారం మధ్యాహ్నం శ్రీరమ్య వచ్చింది. బుగ్గలు లోపలికి పోయి, కళ్లు మాత్రం పెద్దవై ఉన్నాయి. కంచం ముందు కూర్చోబెట్టి భవ్య వేడన్నం పెట్టి, నెయ్యి వేసి, పెచ్చు జాడీ తెచ్చి నా ముందు పెట్టింది. "మీ చేత్తో వడ్డించండి," అంది. శ్రీరమ్య జాడీ వంక చూసి, "బావా, ఇల్లంతా అమ్మ వంటింటి వాసనొస్తోంది," అంది.

గరిటె దించాను. టంగుమంది.

"ఇంకాస్త లోపలికి పెట్టండి," అంది భవ్య.

మళ్లీ టంగుమంది. శ్రీరమ్య అక్క వైపూ నా వైపూ మార్చి మార్చి చూస్తోంది. భవ్య గరిటె తీసుకుని అడుగునుంచి ఒక ముక్క పైకి లేపింది.

"ఇది మా యూనిట్ రాయే. పాలిష్ బాగా వచ్చింది," అంది.

ఇక దాచేదేముంది, అంతా చెప్పేశాను. జాడీ ఎత్తుకెళ్లడం, అరవై చేతులు, ప్రిన్సిపాల్ గారి డబ్బా, బియ్యం బస్తా. రమ్యా, నీ ముద్ద నేను లేకుండా చేశానమ్మా అన్నాను.

భవ్య మెట్ల దగ్గరికెళ్లి, "జుబేదా, తెచ్చెయ్," అని పిలిచింది. జుబేదా మా ఉప్పు జాడీ రెండు చేతులతో పట్టుకుని దిగింది. మూత తీసింది. లోపల ఉప్పు లేదు. మెడదాకా కొరివికారం ఉంది. ఆ వాసనకే నాకు విషయం అర్థమైంది. శుక్రవారం ఈ జాడీలోదే గిన్నెలో వేసి నాకిచ్చి, బస్తా మోయించి, మా సరుకు మాకే పంపింది జుబేదా.

"ఉప్పు పాలక్యాన్‌లో వేశాను. కొరివికారం ఉప్పు జాడీలోకి మార్చాను. ఎండుమిర్చి నానబెట్టి, నూరి పెచ్చు జాడీలో పెట్టాను. మూడో గిన్నె లేకపోతే కుదరదని మీరేగా చెప్పారు," అంది భవ్య.

"అంటే నేను పట్టుకెళ్లింది..."

"నకలు. అసలు జాడీ అడ్రస్ మీకెవరిచ్చారు?"

జుబేదాకి ఈసారి దగ్గు కూడా అడ్డురాలేదు, గోడకి జారబడి నవ్వింది. నాకు హయాత్ గుర్తొచ్చాడు. పాపం, మొదటి ముద్దకే కనిపెట్టాడు.

"తెలిసీ ఎందుకు పట్టుకెళ్లనిచ్చావు?" అన్నాను.

"జాడీ లేకపోతే పాఠం లేదన్నారుగా. మీ పాఠం పోకూడదు. దాని ముద్దా పోకూడదు. నాకు ఇంకో దారి తోచలేదు."

గురువారం మజ్జిగలో పెట్టుకున్న చేతులు అప్పుడు గుర్తొచ్చాయి నాకు. తొడిమలు తీస్తే అంత మంట పుట్టదు. జాడీడు మిరపకాయలు ఒంటిచేత్తో నూరితే పుడుతుంది. ఆ చేతులు మజ్జిగలో పెట్టుకునే నా పాఠం మొత్తం విన్నది. తన వేళ్లు చూశాను, చివర్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. శ్రీరమ్య ముందే ఆ వేళ్లు పట్టుకున్నాను. నీ రుణం ఎలా తీర్చుకోను భవ్యా అన్నాను. చెయ్యి వదలండి, అన్నం చల్లారిపోతోంది అంది.

శ్రీరమ్య మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. మేం ముగ్గురం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. ఆగింది. మింగింది. రెండో ముద్ద కలుపుకుంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, అవి కారానివో కావో నేను అడగలేదు. మారు వడ్డించమని కంచం ముందుకు జరిపినప్పుడు భవ్య పక్కకి తిరిగి కళ్లు తుడుచుకుంది. నెలల తర్వాత ఆ పిల్ల కడుపునిండా తినడం అదే మొదలట.

అప్పుడే ఫోన్ మోగింది. కాలేజీ గ్రూపులో సర్క్యులర్ వచ్చింది. ఇకపై తరగతి గదుల్లోకి పచ్చళ్లు తేరాదనీ, చైతన్యకృష్ణ గారు ఇదే సబ్జెక్టులో కొనసాగుతారనీ ఉంది. భవ్యకి వినిపిస్తే, ఈల కొనే పని తప్పింది అంది.

సాయంత్రం శ్రీరమ్యకి పెద్ద డబ్బా నిండా కొరివికారం కట్టిచ్చి బస్సెక్కించి వచ్చాం. అడుగున మిగిలిన కొరివికారంతో జాడీని భవ్య నా ముందుకు చాపింది.

"ఇదుగోండి, అసలుది. మీకు నచ్చిన చోట మీరే పెట్టండి. అడ్రస్ మీకూ తెలియాలిగా."

నేను రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాను.

"వద్దులే భవ్యా. నాకో గరిటెడు గిన్నెలో వేసివ్వు, చాలు," అన్నాను.